కారు ఇంజన్‌కు డీజిల్ స్నానం వద్దు

దీపావళి దాటాక జమ్మికుంట రోడ్డు మీద రోజూ కారు నడిపేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. పత్తి ట్రాలీల వెనక కాసేపు ఇరుక్కుంటే చాలు, కారు ముందు జాలీకి తెల్లటి నూగు పట్టేస్తుంది. దానికి తోడు కరీంనగర్ రోడ్డును నాలుగు లైన్లు చేస్తున్న పనుల దుబ్బ. హన్మకొండ నుంచి కాలేజీకి ఆ దారినే వెళ్లి వస్తాను కాబట్టి, సంక్రాంతి సెలవులు వచ్చేసరికి బానెట్ ఎత్తితే ఇంజన్ మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఆ సెలవుల్లో ఒక పొద్దున ఇంజన్‌ను నా చేత్తో శుభ్రం చేసుకోవడానికి పక్కన పెట్టుకుంటాను. ఎట్లా చేస్తావు, నీళ్లు పడితే చెడిపోదా అని స్టాఫ్ రూంలో అడుగుతూనే ఉంటారు. అందుకే ఈ పోస్టు.

నాది 2015 నాటి స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ ఇంజన్. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు చేయడమే మానేసింది. కాబట్టి ఉన్నదాన్ని ఎంతకాలం నిలుపుకోగలిగితే అంతకాలం నిలుపుకోవాలని నా పట్టుదల. ఇంజన్ శుభ్రంగా ఉంటే ఎక్కడ ఏం కారుతోందో కళ్లకు కనిపిస్తుంది. నేను ఈ పని చేసేది అందుకోసమే. పోయిన సంక్రాంతికి పైన దుమ్ము దులిపాక రేడియేటర్ కింది గొట్టం దగ్గర, క్లిప్పు అంచున, ఉప్పు పేరుకున్నట్టు పచ్చటి పొర ఒకటి బయటపడింది. గోటితో గీకితే పొడిలా రాలింది. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, సన్నగా చెమర్చి, వేడికి ఆరి, మళ్లీ చెమర్చి అట్లా పొర కట్టింది. మా మెకానిక్ అన్న క్లిప్పు మార్చి బిగిస్తే సరిపోయింది. అదే ఎండాకాలంలో హుజూరాబాద్ దాటాక రోడ్డు మీద బయటపడి ఉంటే సంగతి వేరు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. వాటర్ సర్వీసింగ్‌కు కారు ఇస్తే కుర్రాడు అడిగే మొదటి మాట ఇది: "మేడం, ఇంజన్‌కు డీజిల్ కొట్టమంటరా? కొత్తదాని లెక్క మెరుస్తది." మెరుస్తుంది, నిజమే. రెండు రోజులు. ఆ తర్వాత జిడ్డు మీద దుబ్బ అతుక్కుని ముందుకన్నా అధ్వానంగా తయారవుతుంది. పైగా, కూలెంట్ గొట్టాలను ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. అది వేడిని, కూలెంట్‌ను బాగా తట్టుకుంటుంది గానీ డీజిల్, పెట్రోలు, కిరోసిన్ దానికి పడవు. పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇక ఇంజన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బండి నడిచేటప్పుడు వందల డిగ్రీలు వేడెక్కుతుంది, దాని చుట్టూ డీజిల్ తడి ఉంచడం నిప్పుతో ఆట. అన్నిటికీ మించి, డీజిల్ కొట్టిన ఇంజన్ అంతా ఒకేలా తడిగా కనిపిస్తుంది. అసలు లీకేజీ ఏదో, కొట్టిన డీజిల్ ఏదో మెకానిక్ కూడా చెప్పలేడు. సెకండ్ హ్యాండ్ కారు కొనబోతూ బానెట్ కింద అట్లా తళతళలాడితే నేనైతే ఇంకా జాగ్రత్తగా చూస్తాను.

సరే, పని. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. నేను రాత్రి ఆపిన కారును పొద్దున ఏడింటికే మొదలుపెడతాను. వేడి ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు, జిడ్డు వదిలించే మందు కూడా కడిగేలోపే ఎండి మరకలు కడుతుంది. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం పూట ఈ పని ముట్టుకోవద్దు.

గాజులు, ఉంగరాలు, వాచీ తీసి లోపల పెట్టండి. చున్నీ కూడా. బ్యాటరీ పాజిటివ్‌కు, కారు బాడీకి మధ్య బంగారు గాజు ఆనితే ఒక్క క్షణంలో చెయ్యి కాలిపోతుంది. తర్వాత ఒక అద్దం దించి, తాళం జేబులో వేసుకుని, 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. రెండూ విప్పేటట్టయితే ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరస తప్పొద్దు, ఎందుకంటే నెగటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతూ పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలే. ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, బ్యాటరీ విప్పితే ఆ భయం ఉండదు. గడియారం మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే గ్లాసుడు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుసమని నురుగు వచ్చి ఊడిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక పలుచగా వాజిలీన్ రాస్తే మళ్లీ తొందరగా పట్టదు.

నీళ్లకు ముందు పొడి పనే ఎక్కువ. రెండంగుళాల మెత్తటి పెయింట్ బ్రష్‌తో పైనుంచి కిందికి దులుపుకుంటూ రావాలి. మూడొంతుల మురికి దీంతోనే పోతుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే గాడిని మాత్రం మరవొద్దు. మా వాకిట్లో వేపచెట్టు ఉంది, ఆకులన్నీ అందులోకే చేరతాయి. అక్కడి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే వానాకాలంలో నీళ్లు కారు లోపలికి దిగుతాయి, ముందు సీటు కింద కార్పెట్ ఎందుకు తడిసిందో అర్థం కాదు.

వరి కోతల తర్వాత ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, వెచ్చటి ఇంజన్ వాటికి మంచి చోటు. గడ్డి, గుడ్డపీలికలు, రెట్టలు కనిపిస్తే పొడిగా ఊడ్చకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది. గ్లౌజులు, మాస్కు వేసుకుని, సబ్బునీళ్లు చిలకరించి తడిసాకే తీయాలి. ఆ చుట్టుపక్కల వైర్లు కొరికాయేమో చెయ్యి వెళ్లేంతవరకు వేలితో తడిమి చూడండి. గూడు సైలెన్సర్ పైపు దగ్గర ఉంటే మంట అంటుకునే ప్రమాదమూ ఉంది.

ఆ తర్వాతే తడి. డైనమో, ఫ్యూజ్ బాక్సు, బ్యాటరీ, గాలి లాగే గొట్టం మూతి, కనిపించే కనెక్టర్లు అన్నిటికీ పాలిథీన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేస్తాను. గాలి గొట్టంలోకి నీళ్లు పోతే మాత్రం ఇంజన్‌కే ముప్పు. మొక్కలకు కొట్టే చిన్న స్ప్రే సీసాలో జిడ్డు వదిలించే ఇంజన్ డీగ్రీజర్‌ను డబ్బా మీద రాసినంత నీటితో కలిపి జిడ్డున్న చోటే కొట్టి, బ్రష్‌తో రుద్ది, తడి గుడ్డతో తుడుస్తాను. ఇంకో సీసాలో మామూలు నీళ్లు. పైపు పట్టను. ప్రెషర్ గన్ అసలే వద్దు. ఆ వేగానికి నీళ్లు కనెక్టర్ల రబ్బరు సీళ్లు దాటి లోపలికి పోతాయి. మా కాలేజీలో ఒక సార్ పెట్రోలు కారును ఒకచోట అట్లాగే కడిగిస్తే స్పార్క్ ప్లగ్గుల గుంటల్లో నీళ్లు నిలిచి ఇల్లు చేరేదాకా ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. పెట్రోలు కార్లవాళ్లు స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిళ్ల మీద చుక్క నీరు పడకుండా చూసుకోవాలి. హైబ్రిడ్ అయితే హై వోల్టేజీ కరెంటు పోయే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకండి, అక్కడ పొడి గుడ్డే.

ముందు జాలీ వెనక ఉండే ఏసీ కండెన్సర్‌కు పట్టిన పత్తి నూగును బ్రష్‌తో పైనుంచి కిందికి, రేకుల వాలులోనే తీయాలి. అడ్డంగా రుద్దితే ఆ పలుచటి రేకులు వంగుతాయి. ఈ ఒక్క పనితోనే ఏసీ చల్లదనంలో తేడా తెలుస్తుంది.

తుడిచాక కవర్లన్నీ తీసి, బానెట్ ఎత్తి ఎండలో గంటసేపు వదిలేస్తాను. బ్యాటరీ బిగించి, లోపల గుడ్డ గానీ కవరు గానీ మిగల్లేదని చూసుకుని స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు నడవనిస్తే మిగిలిన తడి ఆరిపోతుంది. ప్లాస్టిక్ మూతలకు కావాలంటే మెరుపు కోసం వాటర్ బేస్డ్ డ్రెస్సింగ్ గుడ్డతో రాయండి, బెల్టుకు మాత్రం ఒక్క చుక్క కూడా తగలొద్దు, జారుతుంది, కీచుమంటుంది.

ఇంత ఓపిక లేక బయట ఇచ్చేవాళ్లుంటారు, తప్పేం లేదు. కానీ కారు దిగేటప్పుడే చెప్పండి: "తమ్మీ, బానెట్ ఎత్తకు. కింద, పైన కడుగు, ఇంజన్ జోలికి పోకు." వాళ్లు ఎత్తేస్తారేమోనని నేను అక్కడే నిలబడతాను.