బంతి వాడిది, కాగితాలు నావి

2023 జూన్ 15. అర్ధరాత్రి పన్నెండు దాటీ దాటగానే మా అబ్బాయి ఫోను భోజనాల బల్ల మీద అదరడం మొదలుపెట్టింది. అదురుతూ అదురుతూ ఆవకాయ సీసా దాకా జరిగింది. అమెరికాలో పదో తరగతి ముగిసిన ఏడాది జూన్ 15 వరకు కళాశాల బాస్కెట్‌బాల్ కోచ్‌లు కుర్రవాళ్ళకు నేరుగా సందేశాలు పంపకూడదని ఎన్‌సీఏఏ, అంటే కళాశాల క్రీడలను నడిపే సంఘం, పెట్టిన నియమం. గడువు ఎప్పుడు తీరుతుందా అని వాళ్ళూ మేలుకునే ఉన్నారన్నమాట. తెల్లవారేసరికి పదకొండు సందేశాలు వచ్చాయి.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. వాడు గుంటూరులో పుట్టి, మూడేళ్ళ వయసులో మాతో ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు ఆరడుగుల అయిదంగుళాలు. అంతా మేనమామ పోలిక. నాకు తెలిసిన కళాశాల ప్రవేశం ఎంసెట్ ఒక్కటే. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగుకు పిలుస్తారు, సీటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇక్కడ సీటే నడిచి వచ్చి మన వాకిట్లో కూర్చుంటుంది. మర్నాడు చెప్పకుండా లేచి వెళ్ళిపోతుంది.

ఇది నిజంగానే జరిగింది. ఆ శీతాకాలం ఒక కోచ్ మా ఇంటికి వచ్చి, గోంగూర పచ్చడి మారు వడ్డించుకుని, ‘మీవాడు ఇక మావాడే’ అని మాట ఇచ్చి వెళ్ళారు. వసంతంలో ఆయన ఇంకో కళాశాలకు వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన పెద్దమనిషి మా ఫోనే ఎత్తలేదు. నోటిమాట ఆఫరు ఎవరినీ కట్టిపడేయదని అప్పటికి గాని నాకు తలకెక్కలేదు. పైగా ఆటగాళ్ళు ఒక కళాశాల నుంచి ఇంకో కళాశాలకు మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, కొన్నేళ్ళు ఆడి రాటుదేలిన 22 ఏళ్ళవాళ్ళు దొరుకుతుంటే పదిహేడేళ్ళ పిల్లవాడి కోసం ఎవరు ఆగుతారు?

ఆటలో నేను చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి కాగితాల మీద పడ్డాను. కళాశాల ఆటలో పై మెట్టయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, అంటే ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య పాఠ్యాంశాలు, ఉండాలి, వాటిలో నాలుగుకు కనీసం 2.3 జీపీఏ (సగటు మార్కు) రావాలి. ఆ 2.3 చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. 16లో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లీషు, గణితం, సైన్సులవే అయి ఉండాలి. మావాడు ఒక వేసవిలో ఆన్‌లైన్‌లో చేసిన జామెట్రీ ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో లేదు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే. ఆ సంగతి బయటపడింది 2024 ఏప్రిల్‌లో. ఆ వేసవిలో టోర్నమెంట్ల మధ్య, హోటల్ గదుల్లో కూర్చుని, జాబితాలో ఉన్న కోర్సు ఎంచుకుని అదే జామెట్రీ మళ్ళీ చదివాడు. పిల్లల్ని హైస్కూల్లో చేర్చేవారికి నేను చెప్పేది ఇదే: కోర్సు కట్టే ముందు ఆ జాబితా తెరిచి చూడండి.

పన్నెండో తరగతి మొదట్లో ఒక కళాశాలను వాళ్ళ ఖర్చు మీదే చూడటానికి వెళ్ళాం. అక్కడ వాణ్ణి గోడకు నిలబెట్టి చేతులు చాపించి కొలిచారు. ఈ కొస నుంచి ఆ కొసకు ఆరడుగుల తొమ్మిదంగుళాలు. ‘పొడుగు చేతుల చొక్కా ఎక్కడా దొరకనిది అందుకేనా’ అంది మా ఆవిడ.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. మావాడిది హెచ్-4, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నవారి పిల్లలకిచ్చే వీసా. మా గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. ఉపకారవేతనం తీసుకోవచ్చుగాని, ఒక చెప్పుల దుకాణం ప్రకటనకు డబ్బు పుచ్చుకున్నా అది పని కిందికి వస్తుందని, వీసాకే ముప్పని లాయరు తేల్చేశారు. కెంటకీకి ఆడిన కాంగో ఆటగాడు ఆస్కర్ షీబ్వే 2022లో జట్టు బహామాస్ వెళ్ళినప్పుడు, అమెరికా దాటాక అక్కడ అలాంటి ప్రకటనల పనులు చేసుకున్నాడట. ‘మనం ఎక్కడికి వెళదాం నాన్నా, గుంటూరుకా?’ అన్నాడు మావాడు.

2024 నవంబరులో సంతకం పెట్టాడు. ఫలానా కళాశాలలోనే చేరతానని ఆటగాడు సంతకం పెట్టే, ఎప్పటినుంచో ఉన్న ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ను అంతకు నెల ముందే ఎత్తేశారు కాబట్టి నేరుగా ఉపకారవేతనం ఒప్పందం మీదే పెట్టాడు. అన్ని పేజీలూ నేను రెండుసార్లు చదివాకే కలం చేతికిచ్చాను.

2025 జూలై 1 నుంచి కళాశాలలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. సెప్టెంబరులో మావాడి గదిలో ఉండే కుర్రవాడు కొత్త కారు కొన్నాడు. ఆ రాత్రి మావాడి నుంచి ఫోను. కారు రంగు, సీట్లు, పాటలు వినిపించే తీరు అన్నీ వర్ణించాక, కాస్త ఆగి, ‘నాన్నా, ఈ నెల ఓ నలభై డాలర్లు ఎక్కువ పంపుతావా?’ అన్నాడు.