కప్పా నంబర్

ఇవాళ పేపర్ మిల్లు ల్యాబ్‌లో కప్పా టెస్ట్, అంటే కాగితానికి ఉడికించిన చెక్క గుజ్జు (పల్ప్) ఎంతవరకు ఉడికిందో చూసే పరీక్ష, మొదటి నుంచి చివరి దాకా నా చేత్తోనే చేశాను. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి చూడటం, అడిగింది అందివ్వడం, లాగ్‌బుక్‌లో రాసుకోవడం వరకే నా పని. పొద్దున ల్యాబ్‌లోకి వెళ్ళేసరికి అక్కడ పని నేర్పే పెద్దాయన బ్యూరెట్ (చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం) కడిగి సిద్ధంగా పెట్టారు. "ఆజి తుమే కొరొ, మా", ఇవాళ నువ్వు చెయ్యమ్మా అని, తను కుర్చీలో కూర్చున్నారు. రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. వేరేవాళ్ళ చేతికి బ్యూరెట్ ఇవ్వడం ఆయనకి ఇష్టం ఉండదని అందరూ చెప్పారు. అందుకే సంతోషంతో పాటు టెన్షన్ కూడా వచ్చింది.

మాది ఒడిశాలో రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో ఎదుటివాళ్ళు ఏది మాట్లాడితే అది. ఇంజనీరింగ్ మాత్రం విజయనగరం వైపు చేరాను, కెమికల్. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో పోయి రావడమే. సమ్మర్ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కాబట్టి క్లాసులో అందరూ హైదరాబాద్, విశాఖపట్నం వెతుక్కుంటుంటే నేను మా ఊరి పక్కన జేకేపూర్ పేపర్ మిల్లుకే అప్లై చేశాను. 1962లో మొదలైన మిల్లు, మా నాన్న కన్నా పెద్దది. తెలంగాణలో సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు కూడా ఇప్పుడు ఈ జేకే పేపర్ కంపెనీదే. ఇంత పెద్ద కంపెనీ ఆటోలో వెళ్ళేంత దగ్గరలో ఉన్నా దాని గురించి నాకు తెలిసినవి రెండే. కర్ర లారీల బారు ఒకటి, గాలి మా వైపు మళ్ళిన రోజు వచ్చే వాసన ఇంకొకటి.

ఆ వాసన ఎందుకొస్తుందో చిన్నప్పుడు ఎవరినడిగినా "మిల్లు వాసన" అనే చెప్పేవాళ్ళు. చెక్క ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రవంలో ఉడికిస్తారు, మిల్లులో దాన్ని లిక్కర్ అంటారు. చెక్కలో పీచుని పీచుతో అంటించి ఉంచేది లిగ్నిన్. అది కరిగేటప్పుడు దానిలోని మిథైల్ ముక్కలు సల్ఫర్‌తో కలిసి మిథైల్ మెర్కాప్టాన్, డైమిథైల్ సల్ఫైడ్ అవుతాయి. గాలిలో వంద కోట్ల పాళ్ళకి ఒకటి రెండు పాళ్ళు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. పుస్తకంలో ఇదంతా చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ అది మా వీధిలో వచ్చే వాసన గురించేనని ఇక్కడికొచ్చాకే మనసుకి ఎక్కింది. చదివినదానికీ పుట్టిన ఊరికీ ఇలా ముడి పడటం నాకు చాలా పెద్ద విషయం.

ఇక టెస్ట్ సంగతి. ఉడికిన పల్ప్‌లో ఇంకా ఎంత లిగ్నిన్ మిగిలిందో చెప్పే అంకె కప్పా నంబర్. ఒక గ్రాము పొడి పల్ప్ ఎన్ని మిల్లీలీటర్ల పెర్మాంగనేట్ అనే ఊదా రంగు ద్రావణాన్ని తినేస్తుందో, దాన్ని బట్టి లెక్క. బ్లీచింగ్‌కి ముందు పల్ప్ తెల్లగా ఉండదు, అచ్చం చోడిపిండి ముద్ద రంగులో ఉంటుంది. దాన్ని పిండి, తేమ ఎంతుందో చూసి, అప్పుడు ఎంత తూయాలో తేల్చుకోవాలి. పోసిన పెర్మాంగనేట్‌లో సుమారు సగం ఖర్చవ్వాలి. 30 శాతం కంటే తక్కువ ఖర్చయినా, 70 దాటినా ఆ టెస్ట్ పక్కన పెట్టి మళ్ళీ మొదలెట్టాలి. నేను దాదాపు 3 గ్రాముల పొడి పల్ప్ వచ్చేలా తూచాను. పీచులు ఒక్క ఉండ కూడా లేకుండా నీళ్ళలో విడిపోయేదాకా మిక్సర్ తిప్పాను.

తర్వాత పెర్మాంగనేట్ 100 మిల్లీలీటర్లు, సల్ఫ్యూరిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్లు కలిపి ఒక్కసారిగా పోసి స్టాప్‌వాచ్ నొక్కాలి. సరిగ్గా 10 నిమిషాలు, 25 డిగ్రీల దగ్గర. మే నెలలో రాయగడలో 25 డిగ్రీలంటే మాటలు కాదు. బీకర్‌ని నీళ్ళ తొట్టెలో పెట్టి, ఐదో నిమిషానికి థర్మామీటర్ చూసి రాసుకోవాలి. ఒక్క డిగ్రీ తేడాకి అంకెలో 1.3 శాతం సవరణ చేయాలి. ఆ పది నిమిషాలూ పెద్దాయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఊదా రంగులో పీచులు గిర్రున తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

టైం కాగానే పొటాషియం అయొడైడ్ పోశాను. ఊదా రంగు ఠక్కున పోయి అయొడిన్ గోధుమ రంగు వచ్చేసింది. ఇక్కడి నుంచి బ్యూరెట్‌లోని థయోసల్ఫేట్ పోయాలి, అది ఎంత పడిందో దాన్ని బట్టి పెర్మాంగనేట్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. గోధుమ రంగు పలచబడి లేత పసుపుకి దిగాక స్టార్చ్ వేస్తే అంతా ముదురు నీలం. అప్పుడు చుక్క, కలపడం, మళ్ళీ చుక్క. పెద్దాయన కుర్చీ నుంచి లేచి నా వెనక నిలబడ్డారు. ఒక చుక్క పడగానే నీలం వెనక్కి రాకుండా పోయింది, బీకర్‌లో లేత రంగు పీచులు మాత్రం తేలుతూ కనిపించాయి. ఆ చుక్క కోసం నేను ఊపిరి బిగబట్టానని అప్పటికి తెలిసింది.

లెక్క కడితే 17.3. అదే పల్ప్‌కి ఆయన చేస్తే 17.1. రెండూ పక్కపక్కన రాసి కింద సంతకం చేశారు. "హాత్ ఠిక్ అఛి" అన్నారు, చెయ్యి బాగుంది అని. ఆ ఒక్క మాట విన్నాక మధ్యాహ్నం దాకా నాకు ఆకలి గుర్తు రాలేదు.

అంకె వచ్చాక కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి చెప్పాలి. అది కూడా నన్నే చేయమన్నారు. అటువైపు ఎత్తింది గుణుపురం బాబాయ్. బంధుత్వమేమీ లేదు, తెలుగువాళ్ళం కాబట్టి మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలుస్తున్నాను. "పదిహేడు పాయింట్ మూడా? సరేనమ్మా, ఇప్పుడేటీ కదపక్కర్లేదు" అన్నాడు. కదపడం అంటే ఉడికే వేడిని, టైమ్‌ని మార్చడం. ఈ రెంటినీ కలిపి ఒకే అంకెగా చూసే పద్ధతిని 1957లో వ్రూమ్ అనే ఆయన ఇచ్చారు, హెచ్ ఫ్యాక్టర్ అంటారు. మాకు రెండు మార్కుల ప్రశ్న అది. బాబాయ్ డిప్లొమా చేసినవాడు. హెచ్ ఫ్యాక్టర్ ఎంత పెంచితే కప్పా ఎంత దిగుతుందో, అది సరుగుడుకి ఎంత, జామాయిల్‌కి ఎంత, వానాకాలం తడి చిప్స్‌కి ఎంత అని నోటితో చెప్పేస్తాడు. ఆయన ముందు నా మార్కుల గురించి నేను ఎప్పుడూ మాట్లాడను.

ఈ ఒక్క అంకె మీద ఎంత ఆధారపడి ఉందో ఇవాళ కూర్చుని ఆలోచించాను. కప్పా ఎక్కువుంటే పల్ప్‌ని తెల్లబరచడానికి క్లోరిన్ డయాక్సైడ్ ఎక్కువ పోయాలి. ఖర్చు పెరుగుతుంది, బ్లీచింగ్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో రంగూ భారమూ పెరుగుతాయి. పోనీ అని మరీ ఉడికించేస్తే పీచే తెగిపోతుంది, కాగితం బలం తగ్గుతుంది, అదే కర్రకి పల్ప్ తక్కువొస్తుంది. అసలే కర్ర బరువులో సుమారు సగమే పల్ప్ అవుతుంది.

మిగతా సగం ఏమవుతుందన్నది నాకు కాగితం కన్నా ఎక్కువ ఇష్టమైన విషయం. మధ్యాహ్నం రికవరీ సెక్షన్‌కి పంపారు, అక్కడ చూశాను. లిగ్నిన్ కరిగిన లిక్కర్ నల్లగా ఉంటుంది, బ్లాక్ లిక్కర్ అంటారు. దాన్ని ఎవాపరేటర్లలో చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తారు. లిగ్నిన్ మండి ఆవిరి, కరెంటు ఇస్తుంది. అడుగున సోడియం ఉప్పులు కరిగి ఎర్రగా కారతాయి. ఆపరేటర్ చిన్న కిటికీ లాంటిది చూపించి, ముఖానికి షీల్డ్ పెట్టుకోమని, ఒక్క క్షణం చూడనిచ్చాడు. ఎర్రటి ధార తొట్టెలోకి పడుతోంది. ఆ చప్పుడుకి నేల అదురుతోంది. దాన్ని నీళ్ళలో కరిగిస్తే గ్రీన్ లిక్కర్, సున్నం కలిపితే మళ్ళీ వైట్ లిక్కర్. అంటే చెక్క ఉడికించడానికి మొదట వాడిన మందే మళ్ళీ తయారై వెనక్కి పోతుంది. సరిగ్గా నడిపితే 95 శాతం పైన తిరిగొస్తుందట. బయటినుంచి చూస్తే ఇది కాగితం ఫ్యాక్టరీ. లోపల సగం స్థలం ఈ మందుని కాపాడుకోవడానికే. కెమికల్ ఇంజనీరింగ్ ఎందుకు తీసుకున్నావని ఇకపై ఎవరైనా అడిగితే ఆ ఎర్రటి ధార గురించే చెబుతాను.

నాగావళి ఈ మిల్లు పక్క నుంచే పోతుంది. కలహండి కొండల్లో పుట్టి, మా ఊరి మీదుగా దిగి, పార్వతీపురం మన్యం దాటి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా తాతయ్య వాళ్ళ పల్లం భూమి తోటపల్లి కాలువ కింద ఉంది. అంటే ఇక్కడి నీళ్ళే అక్కడి వరి మళ్ళకి. పల్ప్‌ని ఎంత బాగా కడిగి ఆ నల్ల లిక్కర్‌ని రికవరీకి పంపితే అంత తక్కువ భారం శుద్ధి ప్లాంట్ మీద పడుతుంది. లిగ్నిన్ రంగు మొండిది, ఎయిరేషన్ ట్యాంకుల్లో సూక్ష్మజీవులు దాన్ని తొందరగా తినలేవు. కాబట్టి చివర్లో శుభ్రం చేయడం కన్నా మొదట్లోనే సరిగ్గా ఉడికించి, సరిగ్గా కడగడం ముఖ్యం. ఇది నాకు ప్రాసెస్ లెక్క మాత్రమే కాదు, మా వాళ్ళ పొలం సంగతి. వచ్చే వారం శుద్ధి ప్లాంట్‌లో పెట్టమని మేనేజర్ గారిని అడిగాను. చూద్దాం అన్నారు. మళ్ళీ అడుగుతాను.

క్యాంటీన్‌లో ఫ్రెండ్ మెసేజ్ చూశాను. వాళ్ళ బ్యాచ్‌లో కొందరు డబ్బు కట్టి ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారట, రిపోర్ట్ కూడా వాళ్ళే పంపిస్తారట. "నువ్వెందుకే ఎండలో హెల్మెట్ పెట్టుకుని తిరుగుతావు" అని రాసింది. వాళ్ళని తప్పుపట్టాలని లేదు. చాలామందికి ఊరి దగ్గర ప్లాంటే లేదు, పెద్ద కంపెనీల్లో సీటు దొరకాలంటే ఎవరో ఒకరు తెలిసుండాలి. తప్పు అలాంటి కాగితాన్ని తీసుకుని సంతకం పెట్టే కాలేజీలది. పిల్లలకి నిజమైన చోటు చూపించకుండా మార్కులు వేయడం వాళ్ళకి అన్యాయం చేయడమే. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు.

షిఫ్ట్ దిగేవాళ్ళతో పాటు బయటికొచ్చాను. కాటా దగ్గర లారీల వరసలో ఎక్కువ ఆంధ్రా నంబర్లే. సరుగుడు, జామాయిల్, బెరడు ఒలిచిన తెల్లటి దుంగలు. డ్రైవర్లు లారీ నీడలో వంట చేసుకుంటున్నారు. ఒకాయన "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. రాయగడే అంటే, "తెలుగు బాగా మాట్లాడుతున్నావే" అన్నాడు. ఇది మాకు అలవాటే. అక్కడికెళ్తే ఒడిశా పిల్లనంటారు, ఇక్కడ ఆంధ్రా వాళ్ళమంటారు. మాకు మాత్రం రెండూ మావే.

రాత్రి తాతయ్య ఫోన్ చేశాడు. మెట్ట మీద వాళ్ళకి సరుగుడు తోట ఉంది. ఈ మిల్లుకే పోతుందో వేరే చోటికి పోతుందో వ్యాపారి చేతిలో పని.

"ఏటమ్మా, ఏటి నేర్పుతున్నారు కార్ఖానాలో?"

కప్పా గురించి ఎలా చెప్పాలో తెలియక బెరడు గురించి చెప్పాను. కర్ర కొనేవాళ్ళు బెరడు ఒలిచి ఇమ్మని ఎందుకంటారో తాతయ్యకి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదట. కూలీ ఖర్చు తన మీదే పడుతోందని విసుక్కునేవాడు. బెరడులో మంచి పీచు తక్కువ తాతయ్యా, ఉడికించే మందుని మాత్రం ఎక్కువ తాగేస్తుంది, కాగితం మీద నల్ల చుక్కలు పడతాయి అని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే ఒలిచిన దానికి రేటు ఎక్కువియ్యాలి కదా" అన్నాడు. నిజమే. అది అడగాల్సిన మాటే.

తర్వాత ఒక ప్రశ్న వేశాడు. "మూడేళ్ళకి కొట్టిన కర్ర, ఐదేళ్ళకి కొట్టిన కర్ర ఒక్కలాగే ఉడుకుతాదేటి?"

పుస్తకంలో చెట్టు జాతి గురించి చదివాను, చిప్ మందం గురించి చదివాను. వయసు సంగతి నేను అడగనే లేదు. రేపు కనుక్కుని చెబుతానన్నాను. తాతయ్య ఈ ఏడాది కొట్టాలా, ఇంకా రెండేళ్ళు ఆగాలా అని చూస్తున్నాడట. లాగ్‌బుక్‌లో రేపటి పేజీలో మొదటి ప్రశ్నగా ఇదే రాశాను, కింద గుణుపురం బాబాయ్ అని రాసి పెట్టుకున్నాను. ఆయనకి రేపు పొద్దున షిఫ్ట్, ఆరింటికల్లా వస్తాడు. నేనూ ముందే వెళ్ళాలి.