ఐస్ దిమ్మలో బుంగ: తరగతిలో మూలాన్ చూపించిన నా అనుభవం

గట్టుకు బుంగ పడటం చూడని పిల్లాడు మా డెల్టాలో ఉండడు. పీత బొరియలోంచి సన్నగా మొదలైన దార మట్టిని కోసుకుంటూ పోతుంది. బుంగ పెద్దదైన కొద్దీ నీరు ఎక్కువ పడుతుంది, నీరు ఎక్కువైన కొద్దీ బుంగ పెద్దదవుతుంది. తెల్లారేసరికి గండి. హిమానీనదంలో, అంటే మెల్లగా కదిలే పెద్ద మంచు రాశిలో, నిలువు బావి పుట్టేదీ ఇంచుమించు ఇలాగే. దాన్ని మూలాన్ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు మర అని అర్థం, మన 'మూలాన'తో చుట్టరికమేమీ లేదు. గోదావరి త్రయంబకం దగ్గర పుట్టి వాన నీటితో బతికే నది కనుక, ఇక్కడ మంచు అంటే రొయ్యల పెట్టెల్లో పోసే ఐసే. నేను పాఠం చెప్పేదీ దానితోనే.

భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో నీళ్ల డబ్బాలను సున్నా కన్నా బాగా చల్లగా ఉండే ఉప్పునీటి తొట్టిలో దించి గడ్డ కట్టిస్తారు. మంచు అంచుల నుంచి నడుముకు పేరుకుంటూ వస్తుంది. దాంతో నీటిలోని గాలీ లవణాలూ చివరికి మధ్యలో చేరతాయి. దిమ్మ నడుమ తెల్లగా కనబడేది అదే. ఆ భాగం మనకు పనికిరాదు. నీరు బుడగల్లో దారి వెతుక్కుని ఎటుపడితే అటు పోతుంది. అంచున అద్దంలా ఉండే ముక్కను అడుగు ఎత్తు, బెత్తెడు మందం ఉండేలా రంపంతో కోయించి, ఊకలో పొదిగి గోనెసంచిలో చుట్టి తెచ్చుకుంటాను.

ముందు పగులు కావాలి. ముక్క ఇంకా గట్టి చల్లదనంలో ఉండగానే నెత్తిన అరగ్లాసు కుళాయి నీళ్లు పోస్తే 'టప్'మని చిట్లుతుంది. వెంటనే చుక్కలు మొదలుపెట్టానో, పని చెడినట్టే. నీరు పగుల్లోనే గడ్డకట్టి దారి మూసుకుంటుంది. గ్రీన్‌లాండ్ మంచులోనూ ఇదే బెడద: చల్లటి మంచులోకి నీరు నెమ్మదిగా దిగితే మధ్యలోనే గడ్డకడుతుంది, పెద్దఎత్తున ఒక్కసారిగా పడితేనే అడుగుకు చేరుతుంది. అందుకని ముక్కను తడి గోనె కింద ఓ గంట ఉంచుతాను. ఉపరితలం పొడిగా తెల్లబారి ఉన్నంతసేపు ఆగాలి, తడి మెరుపు వచ్చాక మొదలుపెట్టొచ్చు.

నీళ్లకు సెలైన్ సెట్ వాడతాను. చక్రం తిప్పితే చుక్కలు మన చెప్పుచేతల్లో ఉంటాయి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషానికి 100 చుక్కలు పెడితే గంటకు 300 మిల్లీలీటర్లు. మన 30 డిగ్రీల నీరు లీటరుకు కరిగించగలిగేది మహా అయితే 375 గ్రాముల మంచు, కాబట్టి ఆ గంటలో 113 గ్రాములకు మించి కరగదు. వేలెడు మందం దారి అడుగు లోతు దిగడానికి 50 గ్రాములు కరిగితే చాలు. తొందరపడి ధార వదిలితే నీరు పైన పొర్లి అంచు దాటిపోతుంది, బావి బదులు కాలువ పడుతుంది. నీళ్లలో చిటికెడు మిఠాయి రంగు కలిపితే పగులులో దారి కనబడుతుంది. హిమానీనదాల మీద పరిశోధకులు చేసేదీ ఇదే: మూలాన్‌లో రోడమిన్ రంగు పోసి, కింద మంచు చివర బయటికొచ్చే ఏరులో ఎంతసేపటికి తేలుతుందో చూస్తారు. ఉప్పు మాత్రం చల్లకండి. బొక్కలైతే చకచకా పడతాయి గానీ అవి ఉప్పు పనులు, నీటి పనులు కావు.

ఎక్కువసార్లు దెబ్బతినేది అడుగున. ముక్కను తిన్నగా బేసిన్‌లో కూర్చోబెడితే నీటికి బయటికి దారి ఉండదు. బావి నిండి, పైభాగం గిన్నెలా వెడల్పవుతుంది తప్ప లోతు దిగదు. కింద రెండు చెక్కపట్టీలు వేసి, పగులు చివర పట్టీల మధ్యకు వచ్చేలా పెట్టాలి. అసలు మూలాన్‌లోనూ నీటిమట్టం అడుగు కాలువలు ఎంత లాగుతున్నాయన్నదాన్ని బట్టే ఉంటుంది. ఎండ వేళ పొంగుతుంది, రాత్రికి దిగుతుంది.

ఇక్కడ ఒక మోసం ఒప్పుకోవాలి. నా ముక్కను కరిగించేది నీటి వేడి. అక్కడి నీరు దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, అయినా కరిగిస్తుంది. ఎత్తు నుంచి పడ్డప్పుడు పోగొట్టుకున్న శక్తి రాపిడిలో వేడిగా మారుతుంది. వెయ్యి మీటర్లు పడే ఒక టన్ను నీరు అలా 29 కిలోల మంచును కరిగించగలదు. అడుగు ఎత్తున అది లెక్కలోకే రాదు. ఫ్రిజ్ నీళ్లతో చేసిచూడండి, బావి నత్తనడక నడుస్తుంది.

హిమానీనదంలో పగులు అడుగుదాకా దిగడానికి బరువుల తేడా కారణం. ఘనమీటరు మంచు 917 కిలోలు, నీరు 1000. ఖాళీ పగులును చుట్టూ ఉన్న మంచు కొన్ని పదుల మీటర్ల లోతులోనే నొక్కి మూసేస్తుంది. నీరు నిండితే లోపలి నుంచి నెట్టేదే ఎక్కువవుతుంది, పగులు ఇంకా కిందికి చీలుతుంది. 2006 జూలైలో పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో 5.6 చదరపు కిలోమీటర్ల సరస్సు 980 మీటర్ల మంచును చీల్చుకుని గంటన్నరలో ఖాళీ అయింది. ఆ కాసేపు నయాగరా కన్నా ఎక్కువ నీరు పారింది. అడుగుకు చేరిన నీరు మంచును కింది రాతి మీద జార్చి వేగం పెంచుతుంది. మూలాన్ మీద అంత పట్టింపు అందుకే. మంచు కదిలేకొద్దీ పాత బావి దిగువకు జరిగిపోతుంది. వెనక కొత్త పగులు తెరుచుకుని ఏరును మింగితే పాతది ఎండిపోతుంది.

ఎండిన బావి మూసుకోవడం మాత్రం ఐస్ ముక్కలో చూపించలేను, అంత బరువు దానికి లేదు. అందుకు ఒక డబ్బా నిండా బాగా మెత్తగా పిసికిన బంకమట్టి పెట్టి, నడుమ వేలితో బొక్క చేసి, చుట్టూ అరచేతులతో గట్టిగా నొక్కిస్తాను. బొక్క సన్నబడి మూసుకుంటుంది. మళ్లీ బొక్క చేసి, ఈసారి నీళ్లు నింపిన బుడగ అందులో దించి నొక్కమంటాను. వేళ్లకు తెలుస్తుంది తేడా.