మదర్‌బోర్డు మార్చేటప్పుడు రెయిడ్ డిస్కులను కాపాడుకోవడం

మదర్‌బోర్డు చెడిపోయిన కంప్యూటర్లో హార్డ్ డిస్కులు సాధారణంగా క్షేమంగానే ఉంటాయి. వాటిలోని సమాచారం పోయేది చాలావరకు ఆ తరువాత, కొత్త బోర్డు బిగించి స్విచ్ వేసిన కాసేపట్లో, తెర మీద కనిపించిన ప్రశ్నకు తొందరపడి 'ఎస్' నొక్కినప్పుడు. రెయిడ్‌లో, అంటే పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటులో, ఉన్న డిస్కుల విషయంలో ఈ ప్రమాదం రెట్టింపు. అక్కడ ఒక్కో డిస్కు విడిగా చూస్తే ఖాళీ డిస్కులాగానో, పాడైన డిస్కులాగానో కనిపించవచ్చు. కొత్త బోర్డుకు దాని పూర్వచరిత్ర తెలియదు.

గుంటూరు అరండల్‌పేటలో మా మేనమామగారికి ఫొటో స్టూడియో ఉంది. ఏళ్ల తరబడి తీసిన పెళ్ళిళ్ళు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాల వీడియోలన్నీ ఒకే సిస్టమ్‌లో నాలుగు 4 టీబీ డిస్కుల మీద, మదర్‌బోర్డుతోనే వచ్చే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీతో చేసిన రెయిడ్ 5లో ఉన్నాయి. ఆ సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ కావడం, యూఎస్‌బీ పోర్టులు ఒక్కొక్కటిగా పనిచేయకపోవడం మొదలయ్యాక బోర్డు మార్చక తప్పదని తేలింది. "డిస్కులు బాగానే ఉన్నాయి కదరా, కొత్త బోర్డుకు తగిలిస్తే సరిపోదా?" అని మామయ్య అడిగారు. సరిపోవచ్చు. కానీ అది సరిపోతుందో లేదో పాత బోర్డు విప్పకముందే తెలుసుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసింది, ఈ డిస్కులన్నీ కలిసి ఒకటే అన్న సంగతి ఎక్కడ రాసి ఉంది, దాన్ని చదవగలిగేది ఎవరు అన్నది. మదర్‌బోర్డు రెయిడ్‌లో ఆ సంగతి బోర్డులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ప్రతి డిస్కు మీదా ఒక చిన్న మెటాడేటా (ఏర్పాటు వివరాల చిట్టా) రూపంలో ఉంటుంది. ఇంటెల్ పద్ధతిలో ఆ మెటాడేటా డిస్కు చివరి భాగంలో ఉంటుంది. ఏ స్థాయి రెయిడ్, స్ట్రైప్ సైజు (ఒక్కో డిస్కు మీద వరసగా రాసే ముక్క పరిమాణం) ఎంత, ఏ సీరియల్ నంబరు గల డిస్కు ఎన్నో స్థానంలో ఉంది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. అందువల్ల ఒక ఇంటెల్ బోర్డు నుంచి రెయిడ్ సదుపాయం ఉన్న మరో ఇంటెల్ బోర్డుకు మార్చినప్పుడు ఆ శ్రేణి (కలిపి కట్టిన డిస్కుల సమూహం) చాలాసార్లు యథాతథంగా గుర్తింపు పొందుతుంది. ఇంటెల్ నుంచి ఏఎండీకి మారితే మాత్రం గుర్తింపు పొందదు, ఎందుకంటే ఏఎండీ రెయిడ్ రాసే, చదివే మెటాడేటా వేరు.

దుకాణంలో మాకు తక్కువ ధరకు వచ్చే ఏఎండీ బోర్డు, ప్రాసెసర్ జత చూపించారు. పని వేగంలో అది ఏమాత్రం తీసిపోదు. అయినా దాన్ని వద్దన్నాను. ఇంటెల్‌లోనూ చవక బోర్డు తీసుకోవడానికి వీలు లేదు, హెచ్610 వంటి చిప్‌సెట్లలో (బోర్డు మీది ప్రధాన నియంత్రణ చిప్‌లలో) రెయిడ్ సదుపాయమే లేదు. బోర్డు కొనేముందు తయారీదారు ఇచ్చిన వివరాల పట్టికలో సాటా పోర్టులు (డిస్కులు తగిలించే చోట్లు) ఎన్ని ఉన్నాయి, రెయిడ్ 0, 1, 5, 10లలో ఏవి పనిచేస్తాయి అని చదవడానికి పట్టే సమయం చాలా తక్కువ. దాన్ని చదవకుండా కొనడం నాకు అర్థం కాని విషయం.

బోర్డు కొన్నా, దాన్ని పెట్టె తెరవకుండా పక్కన పెట్టి, ముందు నకలు తీశాము. రెయిడ్ 5 ఒక డిస్కు పోయినా సమాచారాన్ని నిలబెడుతుంది. మూడు డిస్కుల్లోని బిట్లను లెక్కగట్టి రాసుకున్న పారిటీ సాయంతో నాలుగో డిస్కులో ఉన్నది తిరిగి రాబట్టగలుగుతుంది. పొరపాటున చెరిపేసిన ఫైలును, తప్పుగా ఫార్మాట్ చేసిన శ్రేణిని అది తిరిగి తెచ్చివ్వలేదు. అందులోనూ, పెద్ద డిస్కుల మీద పునర్నిర్మాణం తేలికైన పని కాదు. సాధారణ డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ ఏమిటంటే, 100 లక్షల కోట్ల బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటికి మించదని. అది దాదాపు 12.5 టీబీకి సమానం. మామయ్య శ్రేణిలో ఒక డిస్కు పోతే మిగిలిన మూడింటి నుంచి చదవాల్సింది 12 టీబీ. ఆచరణలో డిస్కులు ఈ హామీకంటే మెరుగ్గానే పనిచేస్తాయి గాని, దాని మీద ఆశ పెట్టుకుని ఇతరుల పెళ్ళి వీడియోలను ఉంచలేము.

ఈ కారణంగానే నకలు తీయడానికి ముందు నాలుగు డిస్కుల స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) చూశాను. రీ-అలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉన్న చోట్లు) అన్న రెండు వరసల్లో సున్నా ఉండాలి. ఏ డిస్కులోనైనా పెండింగ్ సెక్టార్లు పెరుగుతున్నా, శ్రేణి అప్పటికే 'డీగ్రేడెడ్' (ఒక డిస్కు లోపించింది) అని చూపిస్తున్నా, బోర్డు పని ఆపి ముందు ఆ డిస్కు సంగతి చూడాలి. రెండు గండాలను ఒకే రోజు దాటాలనుకోవడం మంచిది కాదు. మాకు నాలుగూ శుభ్రంగానే కనిపించాయి.

యూఎస్‌బీ పోర్టుల మీద నమ్మకం లేకపోవడం వల్ల నకలును నెట్‌వర్క్ తీగ ద్వారా ఇంకో కంప్యూటర్‌కు పంపాము. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు సుమారు 110 ఎంబీ వస్తుంది, అంటే మా 9 టీబీ వెళ్ళడానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అయితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ వాడాము. అది అప్పటికే చేరిన ఫైళ్ళను వదిలేసి మిగిలినవే పంపుతుంది. అంతా చేరాక రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్రలాంటి సంఖ్యలు) లెక్కించి పోల్చాము. పోల్చి చూడని నకలును నేను నకలుగా లెక్కించను. నకలు ఉన్న డిస్కులను విజయవాడలో మా పిన్నిగారింట్లో ఉంచమని మామయ్యను ఒప్పించాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళు నీట మునిగినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్న కంప్యూటర్ల గతి ఏమైందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర లేదు. పక్కపక్కనే ఉన్న నాలుగు డిస్కులు ఒకేసారి మునుగుతాయి. అదే కారణంగా పిన్నిగారింట్లోనూ ఆ డిస్కులను పై అంతస్తులోనే పెట్టించాను.

విప్పడానికి ముందు చేయాల్సిన పనులు మరికొన్ని ఉన్నాయి. బయాస్‌లో (విండోస్‌కు ముందే నడిచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రాములో) రెయిడ్ పేజీని, సాటా మోడ్ ఉన్న పేజీని ఫోన్‌తో ఫొటో తీయాలి. ప్రతి డిస్కు సీరియల్ నంబరు, అది ఏ పోర్టులో ఉందో ఒక కాగితం మీద రాసి, కేబుళ్ళకు అదే నంబరు అంటించాలి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని కంప్యూటర్ బయట రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయాలి. ఆ తాళం చెవిని పట్టి ఉంచే టీపీఎం అనే భద్రతా భాగం బోర్డుతో గానీ ప్రాసెసర్‌తో గానీ వెళ్ళిపోతుంది. చివరిసారి ఆపేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయాలి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలో ఆగిపోయి, ఫైల్ వ్యవస్థ పూర్తిగా మూతపడదు.

కొత్త బోర్డు బిగించినప్పుడు నేను పట్టుబట్టిన విషయం ఒక్కటే. రెయిడ్ డిస్కులను అన్నిటికంటే చివర తగిలించాలి. ముందు విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీ ఒక్కదానితో బోర్డును లేపి, బయాస్‌ను తాజా చేసి, సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐ (డిస్కులను విడివిడిగా చూపే పద్ధతి) నుంచి రెయిడ్‌కు మార్చాలి. కొత్త తరాల ఇంటెల్ బోర్డుల్లో ఇది వీఎండీ అన్న పేరు కింద ఉంటుంది, దానికి డ్రైవర్ కూడా ముందే ఎక్కించి ఉండాలి. బయాస్ తాజా చేసినప్పుడు సాధారణంగా సెట్టింగులు మొదటికి వస్తాయి, కాబట్టి ఆ పని ఆఖరున చేస్తే మోడ్ మళ్ళీ ఏహెచ్‌సీఐకి జారిపోయి ఉండవచ్చు. అప్పుడు విండోస్ లేస్తే రెయిడ్ డిస్కులను విడివిడి డిస్కులుగా చూసి 'ఇనిషియలైజ్ చేయాలా' (కొత్త ఖాళీ డిస్కుగా సిద్ధం చేయాలా) అని అడుగుతుంది. ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీదా రాసే రెయిడ్ 1లో అయితే పరిస్థితి ఇంకా మోసకరంగా ఉంటుంది. మెటాడేటా చివర ఉండటం వల్ల ప్రతి డిస్కూ విడిగా మామూలు డిస్కులాగే తెరుచుకుంటుంది, విండోస్ ఒకదాని మీద ఏదో రాస్తుంది, రెండు డిస్కులూ ఇక ఒకటి కాకుండా పోతాయి. తరువాత రెయిడ్ మోడ్‌కు మార్చినప్పుడు ఆ తేడా ఎవరికీ తెలియదు.

అన్నీ సిద్ధం చేశాక, పవర్ ఆపి నాలుగు డిస్కులను తగిలించి స్విచ్ వేశాము. శ్రేణి నార్మల్ అని వచ్చింది. అలా రాకపోతే చేయాల్సింది ఏమిటో కూడా ముందే నిర్ణయించుకున్నాము. ఇంటెల్ మెనూలో 'క్రియేట్ రెయిడ్ వాల్యూమ్', 'రీసెట్ డిస్క్స్ టు నాన్-రెయిడ్' అన్న వరసలు ఉంటాయి. వాటి జోలికి వెళ్ళకూడదు. విండోస్‌లో ఇనిషియలైజ్, ఫార్మాట్, చెక్‌డిస్క్ ఏదీ చేయకూడదు. కేబుళ్ళు సరిచూసి, మోడ్ సరిచూసి, అప్పటికీ రాకపోతే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేపి, ఎండీఏడీఎం అన్న సాధనంతో 'ఎగ్జామిన్' చేయాలి. అది ఇంటెల్ మెటాడేటాను చదవగలదు. శ్రేణిని చదవడానికి మాత్రమే అన్న పద్ధతిలో కట్టి ఫైళ్ళు తీసుకోవచ్చు. అందులోనూ 'క్రియేట్' అన్న ఆదేశం పాత మెటాడేటా మీద కొత్తది రాసేస్తుంది కాబట్టి, దాన్ని అసలు డిస్కుల మీద ప్రయోగించకూడదు. డిస్కుల పూర్తి ప్రతిబింబాలు తీసుకుని వాటి మీదే ప్రయత్నాలు చేయాలి.

విడి రెయిడ్ కార్డు వాడేవారికి దారి కొంత సులభం. కార్డును డిస్కులతో సహా కొత్త బోర్డులోకి మార్చితే బోర్డు ఏ కంపెనీదైనా పరవాలేదు. కార్డే మార్చి, అదే రకం కొత్త కార్డు పెడితే అది శ్రేణిని సాధారణంగా 'ఫారిన్ కాన్ఫిగరేషన్'గా (వేరే కార్డు మీద కట్టిన శ్రేణిగా) చూపిస్తుంది. అప్పుడు 'ఇంపోర్ట్' ఎంచుకోవాలి, 'క్లియర్' కాదు. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కు, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థకు బోర్డుతో సంబంధమే లేదు.

ఇందువల్లనే, కొత్త బోర్డు మీద వెరిఫై (శ్రేణిలోని పారిటీని సరిచూసే పని) పూర్తయి తప్పులేమీ లేవని తేలాక, ఇంటెల్ శ్రేణిలో ఇంకా కొనసాగవద్దని మామయ్యకు చెప్పాను. బోర్డుకు కట్టుబడిన రెయిడ్‌ను కొత్తగా ఎవరైనా మొదలుపెట్టడానికి ఇప్పుడు నాకు ఏ కారణమూ కనిపించదు. స్టూడియోలో పక్కన ఉన్న పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, కొత్త డిస్కులతో సాఫ్ట్‌వేర్ రెయిడ్ కట్టాము. అందులో శ్రేణిని నేరుగా డిస్కుల మీద కాకుండా పార్టిషన్ల (డిస్కులో చేసే విభాగాల) మీద కట్టాను, ఎందుకంటే కొన్ని బోర్డుల బయాస్ పార్టిషన్ పట్టిక చెడిపోయిందనుకుని దాన్ని 'బాగుచేసే' క్రమంలో రెయిడ్ మెటాడేటాను తుడిచివేసిన సందర్భాలు ఉన్నాయి. ఫైళ్ళన్నీ అందులోకి చేరి, ఎస్‌హెచ్‌ఏ విలువలు సరిపోయేవరకు పాత నాలుగు డిస్కులను పోర్టు నంబర్లు అంటించిన అట్టపెట్టెలో అలాగే ఉంచమన్నాను. పాత బోర్డును కూడా అప్పటివరకు పారేయవద్దని చెప్పాను.