మూడో మడిలో తుంగ మళ్లీ లేచింది

మే నెలంతా ప్లాస్టిక్ పట్టా కింద ఉడికిన మడి అది. పట్టా తీశాక తొలకరి జల్లు పడిందో లేదో, అడుగు చదరంలో 18 తుంగ మొలకలు లెక్క తేలాయి. తుంగ అంటే నేల లోపలి గడ్డల నుంచి మళ్లీ మళ్లీ లేచే గడ్డిలాంటి కలుపు. అసలు పట్టా వేయని నాలుగో మడిలో అంతే చోట 11 ఉన్నాయి. ఉడికించిన చోట ఎక్కువ, వదిలేసిన చోట తక్కువ! ఇది ఎందుకు జరిగిందో తేలేదాకా ఆ మడిలో ఒక్క విత్తనం కూడా వేయబుద్ధి కావడం లేదు. అందుకే ఈసారి రాసేది దాదాపు అంతా తుంగ గురించే.

కొత్తగా చదివేవారికి రెండు మాటలు. తెనాలి దగ్గర, ఒకప్పటి మాగాణిలో వేసిన వెంచరులో మా ఇల్లు. పక్కనే మూడు సెంట్ల స్థలం. నల్లరేగడి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక మోకాలెత్తు గడ్డి, వయ్యారిభామ, పల్లేరు, ఉత్తరేణి అల్లుకుపోయిన చోటు. రసాయనాలు చుక్క కూడా వాడకుండా దాన్ని కూరగాయల తోటగా మార్చాలన్నది పంతం. నాలుగడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవున ఆరు మడులు కట్టాను.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. వయ్యారిభామను పూత రాకముందే పీకేయడంతో ఈ ఏడాది అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కనిపించలేదు. గరికను ఎండాకాలంలో పెళ్లల నుంచి ఏరి ఎండలో పడేశాం, పోయింది. ఒకటో మడిలో గోంగూర, తోటకూర ఇరుగుపొరుగుకు పంచేంత వస్తున్నాయి. రెండో మడిలో అర్క అనామిక బెండ, పూసా నవబహార్ గోరుచిక్కుడు నిలదొక్కుకున్నాయి. ఐదో మడి మీద పందిరికి బీర పాకింది.

ఐదో మడి గురించి మాత్రం ఇంకో మాట. సంపు తవ్వినప్పుడు మూడడుగుల కింది నుంచి వచ్చిన మట్టిని ఆ మడి మీద జానెడు మందాన పరిచాను. లోపలి మట్టిని ఎరువులా వాడే పద్ధతిని ప్రచారం చేసిన చింతల వెంకటరెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పటి నుంచి దాన్ని ప్రయత్నించాలని ఉంది. దిగుబడి సంగతి ఇప్పుడే చెప్పలేను. కానీ ఆ మట్టిలో తుంగగడ్డ ఒక్కటీ లేదు. నాకు అదే పెద్ద లాభం.

ఇక మూడో మడి.

చలికాలంలో దీన్ని పూర్తిగా తవ్వి జల్లెడ పట్టాను. నల్లరేగడిని జల్లెడ పట్టడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. తడిగా ఉంటే బంకలా అంటుకుంటుంది, ఎండితే రాయి. నీళ్లు పెట్టాక మూడో రోజో నాలుగో రోజో పదును వస్తుంది, అంటే మట్టి పనికి తగినంత తడిలో ఉంటుంది. ఆ ఒక్క పూటే పని సాగుతుంది. ఇసుక జల్లించే అర అంగుళం కన్నుల జల్లెడలో పెద్ద గడ్డలు ఆగాయి. 6 మిల్లీమీటర్ల పిల్లగడ్డలు జారిపోయాయి. పావు అంగుళం కన్నుల జల్లెడ తెస్తే రెండు గంపలకే మూసుకుపోయింది. ఏరిన గడ్డలు రెండు బకెట్లు నిండాయి. ఒక్కో గొలుసులో నాలుగైదు గడ్డలు, మధ్యలో నల్లని తీగలాంటి కాడ. ఆ గొలుసు తెగకుండా ఉన్నంతకాలం కొసన ఉన్న గడ్డే మొలుస్తుంది, మిగతావి నిద్రలో ఉంటాయి. తెంపితే ప్రతి గడ్డా విడిగా లేస్తుంది. నేలను గుల్ల చేసే రోటావేటర్ యంత్రం తిప్పించమని సలహా ఇచ్చేవారికి నేను చెప్పేది ఇదే. తుంగ ఉన్న నేలలో రోటావేటర్ పెడితే గొలుసులన్నీ ముక్కలై మడి అంతా పరుచుకుంటాయి. నేల మెత్తబడ్డట్టు కనిపిస్తుంది, నెల తిరిగేసరికి పచ్చగా కమ్మేస్తుంది. పలుగుతో పెళ్ల లేపి చేత్తో విడగొట్టడమే దీనికి పద్ధతి.

ఏరిన గడ్డలతో డాబా మీద ఒక చిన్న పరీక్ష చేశాను. మట్టి కడిగి, 100 గ్రాములు తూచి, సిమెంటు గచ్చు మీద ఒంటి వరసగా ఆరబోశాను. వారం ఎండకు తూకం 46 గ్రాములకు దిగింది. తరువాత తడి ఇసుకలో పెడితే ఒక్కటీ మొలవలేదు. అదే డాబా మీద మట్టి పెళ్లలతో సహా పడేసిన గడ్డల్లో సగానికి పైగా మొలిచాయి. కాబట్టి తుంగకు ఎండ తప్పకుండా మందే, కానీ గడ్డకు నేరుగా తగలాలి. చుట్టూ మట్టి ఉంటే అది దుప్పటిలా కాపాడుతుంది. కంపోస్టు కుప్పలో మాత్రం వేయకండి. కుప్ప అంచుల్లో వేడి చాలదు, ఎరువుతో పాటు మళ్లీ మడికే చేరుతుంది.

జల్లెడ తరువాత కూడా ఫిబ్రవరిలో మొలకలు వచ్చాయి. పైన నల్ల మల్చింగ్ షీటు పరిస్తే, 25 మైక్రాన్ల షీటును సూదితో గుచ్చినట్టు చీల్చుకుని పైకి వచ్చాయి. కింద చీకటిగా ఉంటే మొలక మొన ముడుచుకునే ఉండి పొడుచుకొస్తుంది. పారదర్శకమైన పట్టా కింద అయితే వెలుగు తగిలి ఆకు విచ్చుకుంటుంది, విచ్చుకున్న ఆకు పట్టాను చీల్చలేదు. పై మొలకలు అక్కడే ఉడికిపోతాయి. అందుకే వేసవిలో సోలరైజేషన్‌కు, అంటే పట్టా కింద ఎండ వేడితో నేలను ఉడికించడానికి, పారదర్శక పట్టా ఎంచుకున్నాను, 50 మైక్రాన్లది. ఇంతకన్నా పలచనిది మా ఎండకు నెలలోనే పెళుసుబారుతుంది. నిండుగా నీరు పెట్టి, పదును వచ్చాక చదును చేసి, పట్టా పరిచి, అంచులు అర అడుగు లోతున పూడ్చాను.

గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్‌తో మధ్యాహ్నం మూడు గంటలప్పుడు చూసిన వేడి ఇది: రెండు అంగుళాల లోతున 54 డిగ్రీలు, ఆరు అంగుళాల దగ్గర 43, పది అంగుళాల దగ్గర 37. తెల్లవారుజామున మూడు చోట్లా 30కి కాస్త అటూ ఇటూ. గడ్డ చావాలంటే 50 దాటిన వేడి గంటల తరబడి నిలవాలి. ఆరు అంగుళాల కింద అది ఏ రోజూ జరగలేదు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే ఈ ఎత్తుపల్లాలు గడ్డను చంపకపోగా నిద్ర లేపుతాయి. పట్టా వేసిన మడిలో 18, వేయని మడిలో 11 రావడానికి నా మొదటి ఊహ ఇదే. పైపొర గడ్డలు చచ్చాయి, కింది పొర గడ్డలు ఒక్కసారిగా మేలుకున్నాయి.

రెండో ఊహ పగుళ్లు. వడగాలి ఉత్తరం వైపు అంచును లేపింది. అక్కడ తడి ఆరిపోయి పట్టా కిందే రేగడి పగిలింది. ఒక పగులులో ఇనుప తీగ దింపితే 14 అంగుళాలు పోయింది. పగులు వెంట తడీ వేడీ రెండూ బయటికి పోతాయి. పైనున్న గడ్డలూ అందులోకి జారతాయి. జల్లెడకు, ఎండకు అందని లోతుకు తుంగ చేరే దారుల్లో ఇదొకటి అనుకుంటున్నాను. ఎర్రచెల్క నేలల్లో సోలరైజేషన్ బాగా పనిచేసిందని చెప్పినవారి మాట నమ్ముతాను. రేగడిలో మాత్రం మధ్యలో ఒకసారి పట్టా కిందికి నీరు పారించే ఏర్పాటు లేకుండా ఇక చేయను.

అయితే ఈ రెండు ఊహలతో ఒక విషయం పొసగలేదు. మొలకలు మడి అంతా సమానంగా లేవు. మూడో మడిలో తూర్పు మూల నుంచి మొదలై నాలుగో మడి మధ్య దాకా ఏటవాలుగా, రెండున్నర అడుగుల వెడల్పున ఒక పట్టీలా ఒత్తుగా వచ్చాయి. దాని బయట పలచన. ఆ పట్టీలో ఒక చోట, దాని బయట ఒక చోట అడుగు చదరం గుంట తీసి, నాలుగు అంగుళాల పొరలుగా మట్టి తీసి గడ్డలు లెక్కపెట్టాను. పట్టీలో పై పొరన 9, రెండో పొరన 17, మూడో పొరన 14, అడుగు కిందికి దిగాక కూడా 3. పై పొరలో కనిపించిన 9లో చాలావరకు నొక్కితే చితికిపోయాయి, అంటే పట్టా కొంత పని చేసింది. బయటి గుంటలో పై నుంచి కిందికి 4, 5, 1, తరువాత ఏమీ లేవు.

అడుగు లోతున 14 గడ్డలు ఉండటం మామూలు సంగతి కాదు. తుంగగడ్డల్లో ఎక్కువ భాగం పై ఆరేడు అంగుళాల్లోనే ఉంటాయి. పక్క వీధిలో ఉండే బాబాయి గారు ఇదంతా మాగాణిగా ఉన్నప్పుడు ఇక్కడ కౌలు చేశారు. గుంటలు చూపిస్తే వంగి ఒక గడ్డ తీసి, గోటితో గీరి వాసన చూశారు.

“ఇది గట్టు అమ్మా. మా మడికీ పై మడికీ మధ్య గట్టు ఇలాగే పోయేది. మడిలో నీళ్లు నిలిచేవి కాబట్టి తుంగ అంతా గట్టు మీదే ఉండేది. ఏటా గట్టు చెక్కి ఆ మట్టి మళ్లీ గట్టుకే వేసేవాళ్లం.”

నాకు చిక్కుముడి విడిపోయింది. ఏళ్ల తరబడి పొర మీద పొర వేసిన గట్టు, ప్రతి పొరలోనూ తుంగ. వెంచరు వేసినప్పుడు యంత్రంతో గట్టును పడదోసి చదును చేశారు. గడ్డలు అడుగు లోతుకు వెళ్లడానికి పగుళ్ల కన్నా ఇదే బలమైన కారణం. ఏటవాలు పట్టీకి కూడా ఇది సరిపోతుంది. ఇళ్ల స్థలాలుగా మారిన మాగాణిలో తోట వేసేవారు ముందు పాత గట్లు ఎక్కడ ఉండేవో ఆ ఊరి రైతును అడగండి. మట్టి పరీక్ష కన్నా ముందు చేయవలసిన పని ఇది.

గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టేస్తే ఒక్క పూటలో తీరుతుందని మా వీధిలో చాలామంది చెబుతున్నారు. నేను కొట్టను. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని తెగుళ్ల నియంత్రణ నిపుణుల చేతుల మీదుగానే జరగాలని పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, అది ఒక కారణం. నా పిల్లలు కడగకుండానే బెండకాయ కోసుకుని తినే తోట ఇది, అది అసలు కారణం. ఇక ఉప్పు, వెనిగర్ కలిపి చల్లమనే సలహా రేగడికి విషం. ఆకు మాడుతుంది, గడ్డకు ఏమీ కాదు. ఉప్పు మాత్రం నేలలో మిగిలి మట్టిని మరింత బిగదీస్తుంది.

పనిముట్ల గురించి అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. తవ్వడానికి టాటా అగ్రికో పార బాగుంది, నల్లమట్టిలో కూడా పిడి దగ్గర వదులు కాలేదు. కలుపు తీయడానికి మాత్రం కంపెనీ సరుకు కన్నా మా ఊరి కొలిమిలో లారీ కమాను పట్టీతో చేయించిన చిన్న తొలికే నాకు ఇష్టం. అంచు నిలుస్తుంది, గడ్డ దగ్గరికి సన్నగా దిగుతుంది. ఆ ఉక్కు ముందు దుకాణాల్లో దొరికే రేకు తొలికలు ఏ మూలకూ రావు.

ఇప్పుడు చేయబోయేది. ఆ పట్టీ ఉన్న చోట కూరగాయల ఆలోచన మానుకుని వరి వేస్తాను. మూడో మడి మొత్తం, నాలుగో మడి సగం కలిపి ఒకే చిన్న మడిగా అడుగు ఎత్తు గట్టు కట్టి, జూలైలో నీరు పెట్టి దమ్ము చేస్తాను, అంటే నీటిలోనే నేలను కలియబెట్టి బురద చేస్తాను. బురదలో గడ్డలు మట్టిని వదిలేస్తాయి, గొలుసులుగా చేతికి దొరుకుతాయి. రేగడిలో జల్లెడ చేయలేని పని దమ్ము చేస్తుందని నా ఆశ. తరువాత రెండు అంగుళాల నీరు నిలిపి ఉంచితే మొలక బాగా తగ్గుతుంది. నీళ్లలో గడ్డ చావదు, ఓపికగా పడి ఉంటుంది. అందుకని కోత అయ్యాక మడి ఆరగానే లేచే మొలకల కోసం కాచుకోవాలి. మొలిచిన మూడు వారాలకే కొత్త గడ్డ కట్టడం మొదలవుతుంది కాబట్టి, అప్పుడు రెండు వారాలకోసారి తప్పకుండా తొలిక పట్టాలి. వరి రకం ఎంటీయూ 1010 అనుకుంటున్నాను. నాలుగు నెలల్లో చేతికి వస్తుంది, కార్తికానికి మడి ఖాళీ అవుతుంది. బీపీటీ 5204 అన్నం మా ఇంట్లో అందరికీ ఇష్టమే కానీ ఐదు నెలలు ఆగాలి.

కొత్త గట్టు మీదికి తుంగ ఎక్కకుండా దాని లోపలి వైపు పాత పట్టానే నిలువుగా ఒకటిన్నర అడుగు లోతుకు దింపి పూడుస్తాను. గట్టు పైన కంది వరస.

నాలుగో మడిలో మిగిలిన సగానికి నీడ వైద్యం. తుంగకు ఎండ కావాలి, నీడలో గడ్డలు తక్కువ కడుతుంది. జనుము ఒత్తుగా చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పరిచి, దాని మీద చిలగడదుంప తీగలు నాటుతాను. ఆ మడిలో అలసంద వేద్దామా అని కూడా ఉంది కానీ పేనుబంక బెడద గుర్తొచ్చి వెనకాడుతున్నాను. ఆవు పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టే ద్రవజీవామృతం ఎప్పటిలాగే పక్షానికోసారి. ఆ ఏటవాలు పట్టీకి మాత్రం వరి నాటేదాకా ఆపేస్తున్నాను, అక్కడ బలం పట్టేది తుంగకే.

మాగాణి నేలలో దమ్ము చేసి తుంగను అదుపు చేసినవారు ఎవరైనా ఉంటే ఒక సంగతి చెప్పండి. దమ్ము ఒకసారి చేసి వెంటనే నాటారా, లేక పది రోజులు నీరు తీసి మొలకలు రానిచ్చి మళ్లీ చేశారా? నా మొగ్గు రెండోదాని వైపే. నారు పోసే రోజు దానిమీదే ఆధారపడి ఉంది, పునర్వసు కార్తెలోగా తేల్చుకోవాలి.