బెణికే కాలు, లేసుల బ్రేసు

నా కుడికాలు ఎప్పుడు మడతపడుద్దో నాకే తెలీదు, మొన్న పటమటలో షటిల్ ఆడుతూ స్మాష్ కొట్టి దిగానా, పాదం లోపలికి తిరిగిపోయింది, రెండేళ్లలో ఇది 4వ సారి. చీలమండ బయటివైపు లిగమెంటు ఒకసారి సాగిందంటే ఇంతే, కాలు ఎటు వంగుతోందో పట్టుకునే శక్తి కూడా తగ్గిపోద్దంట.

ఫిజియో గారు లేసుల బ్రేసు, అంటే చీలమండ చుట్టూ లేసులతో బిగించే పట్టీ, కట్టుకోమంటే ఇక ఎగరడం పోయినట్టే అనుకున్నా. గోడ మీద చాక్‌పీసుతో గీత గీసి ఎగిరి చూశా, కట్టినా కట్టకపోయినా అదే గీత! బ్రేసుతో జంపూ స్పీడూ పెద్దగా పెరగవు, పెద్దగా తగ్గవు కూడా, మళ్లీ బెణికే ఛాన్స్ మాత్రం తగ్గుద్ది. కాకపోతే మన బెజవాడ ఎండకి సాక్సు తడిసి ముద్దయి ఒకటే దురద.

ఒంటికాలి మీద నిలబడే ఎక్సర్‌సైజు మాత్రం మానొద్దన్నారు, పొద్దున్నే పళ్లు తోముకుంటూ అదే పని, మా ఆవిడేమో కొంగజపం మొదలెట్టావా అంటోంది.