బడ్జెట్ ఏపీఐకి టైపుల లైబ్రరీ: కంపైలర్ ఎంతవరకు కాపు కాస్తుంది?

సొంత ఖర్చుల లెక్కను వైనాబ్ వంటి బడ్జెట్ సేవలో రాసుకునేవారికి, ఆ లెక్కను ప్రోగ్రాంతో చదివి తమకు నచ్చిన తీరులో నివేదికలు తీసుకుంటే బాగుంటుందన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇందుకోసం వైనాబ్ ఒక ఏపీఐని (ఇతర ప్రోగ్రాంలు ఆ సేవతో మాట్లాడే ద్వారాన్ని), దానికి తోడుగా టైప్‌స్క్రిప్ట్‌లో (జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన భాషలో) ఉన్న అధికారిక జావాస్క్రిప్ట్ లైబ్రరీని అందిస్తుంది. ఏపీఐని వర్ణించే ఓపెన్‌ఏపీఐ స్పెసిఫికేషన్ ఆధారంగా తయారైన ఈ లైబ్రరీలో పంపే ప్రతి రిక్వెస్టుకూ, వచ్చే ప్రతి జవాబుకూ టైపులు, అంటే డేటా ఏ ఆకారంలో ఉండాలో చెప్పే వర్ణనలు, నిర్వచించి ఉంటాయి. కోడు వాటికి లోబడి ఉందా అని నడవకముందే కంపైలర్ సరిచూస్తుంది. నెలవారీ లెక్క చూసుకోవడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం దీని మీదే నడుస్తుంది. డబ్బు లెక్కల విషయంలో ఈ టైపులు ఏ తప్పులను ఆపుతాయి, ఏ తప్పులను చూసీచూడనట్టు పోనిస్తాయి అన్నదే ఇక్కడ నేను చెప్పదలచుకున్న విషయం. క్లుప్తంగా చెప్పాలంటే, లైబ్రరీకి డేటా ఆకారం తెలుసు, అర్థం తెలియదు. ఆ అర్థాన్ని మనమే మరో పలుచని పొరగా దాని మీద రాసుకోవాలి.

ముందుగా లైబ్రరీ నిజంగా మేలు చేసే చోటు చూద్దాం. బడ్జెట్ మొత్తాన్ని ఒకే రిక్వెస్టుతో తెచ్చుకున్నప్పుడు వచ్చే లావాదేవీల టైపు వేరు, లావాదేవీలను మాత్రమే విడిగా అడిగినప్పుడు వచ్చే టైపు వేరు. మొదటిదానిలో ఖాతా పేరు, కేటగిరీ పేరు ఉండవు, వాటి ఐడీలు మాత్రమే ఉంటాయి. రెండోదానిలో పేర్లు కూడా నేరుగా వస్తాయి. అంతేకాదు, ఒకే బిల్లును అనేక కేటగిరీలకు పంచినప్పుడు పుట్టే ఉపలావాదేవీలు మొదటి పద్ధతిలో వేరే జాబితాగానూ, రెండో పద్ధతిలో అసలు లావాదేవీ లోపలే ఒక శ్రేణిగానూ వస్తాయి. టైపులు లేని లైబ్రరీతో పనిచేసేవారికి ఈ తేడా నివేదికలో ఖాళీ గడులు కనిపించినప్పుడు గాని తెలియదు. టైపులు ఉన్నప్పుడు మాత్రం, మొదటి జాబితాలోని లావాదేవీ నుంచి కేటగిరీ పేరు అడిగిన క్షణంలోనే ఎడిటర్ ఆ పదం కింద ఎర్రగీత గీస్తుంది. కేటగిరీ ఐడీ నల్ (విలువ లేనిది) కావచ్చన్న సంగతి కూడా టైపులోనే రాసి ఉంటుంది కాబట్టి, స్ట్రిక్ట్ మోడ్ (తనిఖీని కఠినం చేసే సెట్టింగు) పెట్టుకున్నవారిని కంపైలర్ ఆ ప్రశ్న దగ్గర నిలబెట్టి జవాబు రాబడుతుంది. నా దృష్టిలో ఈ లైబ్రరీ చేసే అతి పెద్ద ఉపకారం ఇదే.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. వైనాబ్ ఏపీఐ మొత్తాలను మిల్లీయూనిట్లలో ఇస్తుంది: కరెన్సీ ఏదైనా సరే, ఒక యూనిట్‌కు 1000 మిల్లీయూనిట్లు. 12.30 ఖర్చు పెడితే ఏపీఐలో కనిపించేది −12300. ఇది మంచి నిర్ణయం. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందన్నది అందరికీ తెలిసిన సంగతే. పూర్ణాంకాలతో లెక్క చేస్తే ఆ బెడద ఉండదు. పైగా కువైట్ దీనార్ వంటి కరెన్సీలకు దశాంశం తర్వాత మూడు అంకెలు ఉంటాయి కాబట్టి, వందో వంతు దగ్గర ఆగకుండా వెయ్యో వంతు దాకా వెళ్లడంలో అర్థముంది. తిరిగి మామూలు రూపంలోకి మార్చడానికి లైబ్రరీలోనే ఒక ఫంక్షన్ ఉంది. దశాంశ స్థానాలు ఎన్నో చెప్పకపోతే అది రెండే అనుకుంటుంది. ఎన్ని స్థానాలు కావాలో బడ్జెట్ సెట్టింగుల్లోని కరెన్సీ ఫార్మాట్ చెబుతుంది కాబట్టి, అక్కడి నుంచి తీసుకుని ఇవ్వడమే సరైన పద్ధతి.

అయితే టైపుల పరంగా చూస్తే ఈ మిల్లీయూనిట్ కేవలం ఒక సంఖ్య. మార్చిన తర్వాత వచ్చే 12.3 కూడా సంఖ్యే. ఒకదాన్ని ఇంకోదానికి కూడినా, మార్చినదాన్ని మళ్లీ మార్చినా కంపైలర్ కిమ్మనదు. దీనికి టైప్‌స్క్రిప్ట్ వాడుకదారులు బ్రాండింగ్ అనే పద్ధతిని పాటిస్తారు: సంఖ్య టైపుకు, నడిచే ప్రోగ్రాంలో నిజంగా ఉండని ఒక గుర్తును తగిలించి, మిల్లీయూనిట్ అనే ప్రత్యేక టైపును తయారు చేస్తారు. టైప్‌స్క్రిప్ట్ పేర్లను కాక ఆకారాలను పోల్చి టైపులను సరిచూస్తుంది కాబట్టి, ఇలా ఆకారంలోనే తేడా తేకపోతే కొత్త పేరు పెట్టినంత మాత్రాన ఒరిగేదేమీ ఉండదు. ఈ పద్ధతిలో ఒక చికాకు లేకపోలేదు. బ్రాండు ఉన్న రెండు సంఖ్యలను కూడితే ఫలితం బ్రాండు పోగొట్టుకుని మామూలు సంఖ్యగా బయటికి వస్తుంది. అందువల్ల కూడిక, తీసివేత, జాబితా మొత్తం కోసం చిన్న ఫంక్షన్లు రాసుకుని, ఆ పని వాటి ద్వారానే జరపాలి. ఇంత తతంగం ఎందుకని అనిపించవచ్చు గాని, డబ్బును తాకే ప్రతి వరుసా ఆ నాలుగైదు ఫంక్షన్ల గుండా పోవడం వల్ల, లెక్క తేడా వచ్చినప్పుడు వెతకవలసిన చోటు చాలా చిన్నదైపోతుంది.

ఐడీలదీ ఇదే కథ. ఒక ఖాతాలోని లావాదేవీలు అడిగే ఫంక్షన్‌కు మొదట బడ్జెట్ ఐడీ, తర్వాత ఖాతా ఐడీ, ఆ తర్వాత అవసరమైతే ఏ తేదీ నుంచి కావాలో ఇవ్వాలి, మూడూ స్ట్రింగులే (అక్షరాల వరుసలే). మొదటి రెండింటినీ తారుమారు చేసినా కంపైలర్ సంతోషంగా ఒప్పుకుంటుంది. ఈ పొరపాటు పెద్ద ప్రమాదకరం కాదు, ఎందుకంటే అలాంటి వనరు లేదని సర్వర్ 404తో వెంటనే చెబుతుంది. కాబట్టి ఐడీలకు బ్రాండు పెట్టడం ఇష్టాన్ని బట్టి చేసుకోవచ్చు. మొత్తాలకు మాత్రం పెట్టి తీరాలని నా అభిప్రాయం. ఐడీ తప్పితే తెర మీద ఎర్రర్ కనిపిస్తుంది, మొత్తం తప్పితే నివేదిక అందంగా వచ్చి తప్పు చెబుతుంది.

తేదీల విషయంలో లైబ్రరీ ఎంచుకున్న దారి నాకు నచ్చింది. లావాదేవీ తేదీని అది 2024-03-01 వంటి స్ట్రింగుగానే ఉంచుతుంది, డేట్ వస్తువుగా మార్చదు. చాలామంది దీన్ని లోపంగా భావించి, అందిన వెంటనే తామే మార్చుకుంటారు. చిక్కు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. సమయం లేని ఇలాంటి ఐఎస్ఓ తేదీని (ఏడాది-నెల-రోజు వరుసలో రాసినదాన్ని) జావాస్క్రిప్ట్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా చదువుతుంది; యూటీసీకి పడమర ఉన్న సమయ మండలంలో నడిచే కంప్యూటర్‌లో దాన్ని స్థానిక తేదీగా అడిగితే 2024 ఫిబ్రవరి 29 వస్తుంది. మార్చి ఖర్చు ఫిబ్రవరి పద్దులో కూర్చుంటుంది. తేదీని స్ట్రింగుగానే ఉంచి, నెల కావలసినప్పుడు మొదటి ఏడు అక్షరాలు తీసుకుంటే ఈ గొడవే ఉండదు. ఐఎస్ఓ రూపంలోని తేదీలు అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి కాబట్టి, పోల్చడానికి కూడా వేరే ఏర్పాటు అక్కరలేదు. ఇదే వరుసలో మరొకటి చెప్పాలి. నెల సమాచారం అడిగేటప్పుడు ఆ నెల మొదటి తేదీకి బదులు ‘కరెంట్’ అనే మాట వాడవచ్చు. ఆ ప్రస్తుత నెలను సర్వర్ యూటీసీ ప్రకారం లెక్కిస్తుంది. యూటీసీకి తూర్పున ఉన్నవారు కొత్త నెల మొదటి రోజు తెల్లవారుజామున అడిగితే వారికి పాత నెలే అందుతుంది. తేదీని మనమే కట్టి ఇవ్వడం మేలు.

కేటగిరీవారీ మొత్తాలు వేసేటప్పుడు రెండు రకాల లావాదేవీలను విడిగా చూడాలి. పంచిన బిల్లు విషయంలో అసలు లావాదేవీ మొత్తం, ఉపలావాదేవీల మొత్తం ఒకటే అవుతాయి. రెండింటినీ కూడితే ఖర్చు రెట్టింపవుతుంది. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు మార్చినప్పుడు రెండు ఖాతాల్లోనూ ఒక్కొక్క లావాదేవీ పడి, వాటి ఐడీలు ఒకదానినొకటి చూపుతుంటాయి. మనం ఒక్క ఖాతానే చూస్తూ బయటికి పోయిన ప్రతి మొత్తాన్నీ ఖర్చుగా లెక్కిస్తే, పొదుపు ఖాతాలో వేసుకున్నది కూడా ఖర్చు కిందికే వస్తుంది. లైబ్రరీ టైపులో ఇవన్నీ ఒకే లావాదేవీ. తేడా కొన్ని ఫీల్డులు నల్ అవునా కాదా, ఉపలావాదేవీల శ్రేణి ఖాళీయా కాదా అన్నదానిలో దాగి ఉంటుంది. ఆ తేడాను ప్రోగ్రాంలో పదిచోట్ల ప్రశ్నించే బదులు, డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఒక్కసారి పరిశీలించి, సాధారణం, పంచినది, బదిలీ అనే మూడు సొంత టైపులుగా విడదీయడం ఉత్తమం. వాటి యూనియన్ (మూడింటిలో ఏదో ఒకటి అని చెప్పే టైపు) మీద, ఒక్కో రకానికి ఒక్కో దారి చూపే స్విచ్ రాస్తే, ఏ ఒక్కదాన్ని మరిచినా కంపైల్ కాకుండా చూసుకోవచ్చు. ఈ పొర అంతా కలిపి రెండు తెరల కోడుకు మించదు.

వైనాబ్ ఒక్కో టోకెన్‌కు (ఏపీఐని వాడుకోవడానికి తాళంచెవి వంటి రహస్య పదానికి) గంటకు 200 రిక్వెస్టులే అనుమతిస్తుంది. దాటితే 429 ఎర్రర్ వస్తుంది. ఒక మనిషి లెక్కకు ఇది ధారాళమే గాని, ప్రతిసారీ మొత్తం చరిత్రను లాగడం మాత్రం అనవసరపు పని. ఇందుకు డెల్టా పద్ధతి ఉంది. జవాబుతోపాటు సర్వర్ నాలెడ్జ్ అనే ఒక సంఖ్య వస్తుంది. తర్వాతిసారి దాన్ని తిరిగి ఇస్తే, అప్పటి నుంచి మారినవి మాత్రమే అందుతాయి. తొలగించిన లావాదేవీలు కూడా ఇందులో వస్తాయి, డిలీటెడ్ అన్న ఫీల్డు ట్రూగా ఉంటుంది, మొత్తం మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. టైపు దృష్టిలో బతికున్న లావాదేవీకీ, తొలగించినదానికీ ఒక బూలియన్ విలువ తప్ప వేరే తేడా లేదు. పూర్తి జాబితా మీద చక్కగా పనిచేసిన కూడిక ఫంక్షనే డెల్టా జవాబు మీద తప్పు లెక్క చెప్పడానికి ఇది చాలు. అందువల్ల డెల్టా జవాబును నేరుగా వాడకుండా, స్థానికంగా దాచిన నకలులో కలిపే ఒకే ఒక ఫంక్షన్‌కు అప్పగించాలి. ఆ నకలునూ, సర్వర్ నాలెడ్జ్ సంఖ్యనూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ రాయడం, లేదా రెండూ రాయకపోవడం) భద్రపరచడం కూడా అంతే ముఖ్యం. సంఖ్య ముందుకు జరిగి, మార్పులు రాసేలోపు ప్రోగ్రాం ఆగిపోతే, ఆ మార్పులను సర్వర్ మళ్లీ పంపదు.

చదవడం కంటే రాయడం సున్నితమైన పని. బ్యాంకు ఇచ్చిన ఫైలు నుంచి లావాదేవీలను ఎక్కించేటప్పుడు ప్రతిదానికీ ఒక ఇంపోర్ట్ ఐడీ ఇవ్వవచ్చు. అదే ఖాతాలో అదే ఐడీ ఇప్పటికే ఉంటే సర్వర్ రెండోసారి పద్దు రాయదు, ఆ ఐడీని డూప్లికేట్ల జాబితాలో తిరిగి చెబుతుంది. వైనాబ్ తానుగా ఇంపోర్ట్ చేసేటప్పుడు వాడే రూపం ఇలా ఉంటుంది: వైనాబ్ అన్న పేరు, మిల్లీయూనిట్ల మొత్తం, తేదీ, ఎన్నోది అన్న సంఖ్య, మధ్యలో కోలన్లు. ఐడీ 36 అక్షరాలు దాటకూడదు. చివరి సంఖ్య ఉన్నది ఒకే రోజు ఒకే మొత్తం రెండుసార్లు ఖర్చయిన సందర్భం కోసం. ఆ సంఖ్యను ఫైలులోని వరుసను బట్టి లెక్కించేటప్పుడు, ఫైలు రోజు మధ్యలో మొదలైతే ఇబ్బంది వస్తుంది: ఆ రోజు రెండోదైన లావాదేవీ ఈ ఫైలులో మొదటిదిగా కనిపిస్తుంది, దాని ఐడీ ముందరిదానితో కలుస్తుంది, కొత్త పద్దు చడీచప్పుడు లేకుండా వదిలివేయబడుతుంది. పూర్తి రోజులున్న ఫైళ్లను మాత్రమే ఎక్కించాలన్న నియమం దీనికి మందు. ఈ నియమాన్ని ఏ టైపూ వ్యక్తం చేయలేదు. ఎక్కించే ముందు పరీక్షించే కోడు రాసుకోవలసిందే.

ఎర్రర్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ప్రామిస్ (ఇంకా రావలసిన జవాబు) టైపు విజయాన్ని వర్ణిస్తుంది గాని వైఫల్యాన్ని వర్ణించదు. టైప్‌స్క్రిప్ట్ 4.4 నుంచి ఉన్న ఆప్షన్‌ను పెట్టుకుంటే క్యాచ్‌లోని (ఎర్రర్‌ను పట్టుకునే చోటి) విలువ అన్‌నోన్‌గా, అంటే ఏ టైపో తెలియనిదిగా, వస్తుంది కాబట్టి, ఐడీ, పేరు, వివరం అనే మూడు భాగాలున్న ఏపీఐ ఎర్రరా, నెట్‌వర్క్ తెగిపోవడమా అన్నది తేల్చుకున్న తర్వాతే ముందుకు పోగలం. టోకెన్ సంగతి కూడా ఒక్క మాటలో: సొంత వాడకానికి తీసుకునే పర్సనల్ యాక్సెస్ టోకెన్ చేతిలో ఉన్నవారు బడ్జెట్ మొత్తాన్ని చూడగలరు, మార్చగలరు. అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండాలి, బ్రౌజర్‌కు పోయే కోడులో ఉండకూడదు.

కంపైల్ అయిన తర్వాత టైపులన్నీ చెరిగిపోతాయి. సర్వర్ పంపిన జేసన్ (డేటాను పంపే టెక్స్ట్ రూపం) నిజంగా ఆ ఆకారంలోనే ఉందా అని సరిచూడాలనుకునేవారు, ప్రోగ్రాం నడిచేటప్పుడే డేటాను తనిఖీ చేసే జోడ్ వంటి లైబ్రరీతో ప్రతి జవాబునూ పరీక్షిస్తారు. సొంత లెక్కల ప్రోగ్రాంకు అంత అవసరమని నేను అనుకోను. దానికన్నా ఆకారాన్ని దాటి అర్థాన్ని పట్టుకునే పరీక్ష ఒకటుంది: స్థానిక నకలులో ఒక ఖాతాకు చెందిన, తొలగించని లావాదేవీలన్నింటినీ కూడితే, ఆ ఖాతాకు ఏపీఐ చెప్పే నిల్వ రావాలి. ఉపలావాదేవీలను రెండుసార్లు కలిపినా, తొలగించినవాటిని వదలకపోయినా, డెల్టాలో ఒక మార్పు జారిపోయినా ఈ లెక్క సరిపోదు. ఇంపోర్ట్‌లో వదిలివేయబడిన పద్దు మాత్రం సర్వర్‌లోనే లేదు కాబట్టి ఇక్కడ దొరకదు. దానికి బ్యాంకు చూపే నిల్వతోనే పోల్చాలి. నా ప్రోగ్రాంలో ప్రతి సింక్ తర్వాత ఈ కూడిక నడుస్తుంది; తేడా ఒక్క మిల్లీయూనిట్ వచ్చినా నివేదిక తయారు కాదు, ఏ ఖాతాలో ఎంత తేడా ఉందో మాత్రం చూపించి ఆగిపోతుంది.